పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు: ‘దేవదాసు’ నవల, సినిమా

గత నెల ఈ శీర్షికలో బెంగాలీ రచయిత శరత్‌చంద్ర ఛటర్జీ (శరత్‌బాబు) ‘దేవదాసు’ నవల గురించీ, 1953లో అది తెలుగులో సినిమాగా వచ్చిన తీరు గురించీ రెండు మాటలు రాశాం. దానిపై శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: దేవదాసుది, పార్వతిది ఒకే ఊరు, ఇరుగుపొరుగు ఇళ్లు, చిన్ననాటి స్నేహం. సినిమాలో జమీందారు గారు ఆస్తి అంతరం చూపించి సంబంధం కాదంటారు. నవలలో కూడా కారణం డబ్బేనా? ఈ విషయం మీద మా వీధి అరుగు మీద రెండు సాయంత్రాలు వాదన జరిగింది, తేలలేదు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

సమాధానం: మాస్టారూ, ఆస్తి అంతరం నవలలోనూ ఉంది కాని, అక్కడ అసలు కారణం అది కాదు. నవలలో దేవదాసు తండ్రి నారాయణ ముఖర్జీ, పార్వతి తండ్రి నీలకంఠ చక్రవర్తి ఇద్దరూ బ్రాహ్మణులే. పార్వతిని ఆ ఇంటి కోడలిగా చేసుకోమని ఆమె నాయనమ్మ దేవదాసు తల్లి దగ్గర మాట కదుపుతుంది. ఆ తల్లికి పార్వతి అంటే ముద్దే. అయినా ఆ సంబంధానికి పెద్దలు ఒప్పుకోకపోవడానికి రెండు అడ్డంకులు చెప్పారు. పక్కింటి వాళ్లతో వియ్యం ఏమిటన్నది ఒకటి. చక్రవర్తుల వంశంలో ఆడపిల్లనిచ్చేటప్పుడు మగపెళ్లివారి దగ్గర సొమ్ము పుచ్చుకునే ఆచారం ఉందన్నది రెండోది, బలమైనది. అలాంటి ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకుంటే తమ పరువు పోతుందని ముఖర్జీల భావన.

కన్యాశుల్కమనే ఈ ఆచారం గురించి విజయనగరం వారికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మీ ఊళ్లో 1892 ఆగస్టు 13న తొలిసారి రంగస్థలం ఎక్కిన నాటకానికి గురజాడ అప్పారావు గారు పెట్టిన పేరే అది. అప్పటికి విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. నాటకం 1897లో పుస్తకంగా వచ్చినప్పుడు గురజాడ రాసిన ఆంగ్ల పీఠికలో, విజయనగరం మహారాజు ఆ జిల్లాలో సేకరింపజేసిన లెక్కలు ఉన్నాయి. మూడేళ్లలో నమోదైన శుల్క వివాహాలు 1034. వాటిలో ఐదేళ్ల పిల్లలవి 99, నాలుగేళ్ల పిల్లలవి 44, మూడేళ్ల పిల్లలవి 36. రెండేళ్ల పిల్లలు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయల దాకా పలికిందని కూడా ఆయన రాశారు. ఈ లెక్కలు చదివాక ‘దేవదాసు’ మొదటి అధ్యాయాలు తిరిగి తెరిస్తే, వంగదేశంలోని ఆ పల్లె మనకు అంత దూరంగా అనిపించదు.

అయితే ఇద్దరు రచయితలూ ఒకే దురాచారాన్ని రెండు వైపుల నుంచి చూశారు. గురజాడ నాటకంలో అగ్నిహోత్రావధానులు కూతురిని అమ్ముకునే తండ్రి. శరత్ నవలలో నీలకంఠ చక్రవర్తి అలాంటివాడు కాదు. తన వంశంలోని ఆ ఆచారమంటే ఆయనకు అసహ్యం, పిల్లను డబ్బుకు ఇవ్వాలన్న ఆలోచన ఆయనకు ఎన్నడూ లేదు. కాని వంశానికి పడిన పేరు ఆయన మంచితనంతో చెరిగిపోదు. అమ్ముకునే ఇంట్లో పుట్టిన పాపానికి, అమ్ముకోనని నిలబడిన తండ్రి కూతురు కూడా శిక్ష అనుభవించాల్సి వచ్చింది. చివరకు పార్వతి వెళ్లి చేరింది నలభయ్యో పడికి దగ్గరవుతున్న భువన చౌదరి ఇంటికి, రెండో భార్యగా. ఆయన పెద్దకొడుకు ఆమెకన్నా వయసులో పెద్దవాడు. అప్పటికి పార్వతికి పదమూడేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. నాకు నవలలో అన్నిటికన్నా గుండె బరువెక్కించే సంగతి ఇదే. చిత్రంగా, దీని గురించి మాట్లాడేవారే తక్కువ.

సినిమా తీసినవారు ఈ కారణాన్ని పక్కనపెట్టి, గొప్పింటికీ సామాన్యుడి ఇంటికీ మధ్య అంతరంగా కథను సరళం చేశారు. దాన్ని నేను పూర్తిగా తప్పుపట్టలేను. 1953 నాటికి మన ప్రాంతంలో డబ్బు దారి తిరగబడి, కన్యాశుల్కం పోయి వరకట్నం వచ్చి కూర్చుంది. పిల్లకు సొమ్ము పుచ్చుకోవడం తలవంపులన్న సంగతి ఆనాటి ప్రేక్షకుడికి విడమరిచి చెప్పాలంటే కథ నడక ఆగిపోయేది. పార్వతి వయసు విషయమూ అంతే. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం అమల్లోకి వచ్చి అప్పటికే రెండు దశాబ్దాలు దాటింది కాబట్టి, పదమూడేళ్ల పిల్లను పెళ్లిపీటల మీద చూపించే రోజులు కావు. అందుకే తెర మీద మనకు కనిపించేది పెళ్లీడుకొచ్చిన సావిత్రి. ఈ మార్పులతో కథ అందరిదీ అయింది. కాని ఒక కాలపు వివాహ వ్యవస్థ మీద శరత్‌బాబు పెట్టిన వేలు అక్కడి నుంచి తొలగిపోయింది. మీ అరుగు మీద వాదన తెగకపోవడానికి కారణం, మీలో కొందరు నవలను, మరికొందరు సినిమాను మనసులో పెట్టుకుని మాట్లాడటమేనని అనుకుంటున్నాను.

ప్రశ్న: మా అమ్మమ్మ ఈ సినిమా ఎన్నిసార్లు చూసినా ఏడుస్తుంది. నాకు మాత్రం కోపం వస్తుంది. ప్రేమించిన అమ్మాయి కోసం ఒక్క మాట కూడా గట్టిగా మాట్లాడలేక, ఆమెను కొట్టి, తరువాత తాగి చనిపోయినవాడిని గొప్ప ప్రేమికుడని ఎందుకంటారు?
– డిగ్రీ విద్యార్థిని, బొబ్బిలి

సమాధానం: మీ కోపం సరైనదే. అది నవలను సరిగ్గా చదివినవారికి రావలసిన కోపం. శరత్‌బాబు దేవదాసును గొప్ప ప్రేమికుడని ఎక్కడా అనలేదు. ఆ పేరు తరువాతి కాలం వారు పెట్టింది, అందులో సినిమా పాటలకు పెద్ద వాటా ఉంది.

నవలలో మూడు ఘట్టాలను వరుసగా చూడండి. మొదటిది అర్ధరాత్రి ఘట్టం. పెళ్లి మాటలు చెడిపోయాయని తెలిసి, పార్వతి ఒంటరిగా, చీకట్లో, ముఖర్జీల ఇంటి పనివాళ్ల మధ్య నుంచి నడిచి దేవదాసు గదికి వస్తుంది. నిద్ర లేచిన అతనికి ముందు కలిగేది భయం. ఎవరైనా చూశారేమో, రేపు నలుగురిలో ఆమె తల ఎలా ఎత్తుకుంటుందో అని అడుగుతాడు. ఆమెకు ఆ భయం లేదు. నదిలో అంత నీరు ఉంది కదా, తన కళంకం అందులో మునిగిపోదా అన్న ధోరణిలో జవాబు చెబుతుంది. ఆ గదిలో ధైర్యమంతా ఆ చిన్నపిల్ల దగ్గరే ఉంది. రెండోది ఉత్తరం. తండ్రి కాదనగానే దేవదాసు కలకత్తా వెళ్లిపోయి, నిన్ను నేనెప్పుడూ అంతగా ప్రేమించినట్టు అనిపించలేదన్న అర్థం వచ్చేలా పార్వతికి ఉత్తరం రాస్తాడు. మీ ఇల్లు తక్కువదన్న మాట కూడా అందులో ఉంది. తండ్రి నోట విన్న మాటనే కొడుకు చేతిరాతలో పార్వతి చదువుకోవలసి వచ్చింది. ఉత్తరం తపాలాలో పడ్డ మరుక్షణం నుంచి అతను కుమిలిపోతాడు, కాని అప్పటికే ఆలస్యమైపోయింది.

మూడోది చెరువుగట్టు. పశ్చాత్తాపంతో తిరిగి వచ్చిన దేవదాసు, సాయంత్రం నీళ్లకు వచ్చిన పార్వతిని కలుసుకుంటాడు. ఇప్పుడు ఆమె ఒప్పుకోదు. నీకు తల్లిదండ్రులుంటే నాకు లేరా, వాళ్ల ఇష్టంతో పని లేదా అని నిలదీస్తుంది. తాను వెళ్లబోయే ఇల్లు మీ ఇంటికన్నా తక్కువదేమీ కాదని కూడా అంటుంది. ఆ అభిమానాన్ని భరించలేక అతను చేతిలోని గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. నెత్తురు కారుతుంది. వెంటనే తన పల్చని చొక్కా చించి, నీళ్లలో తడిపి, ఆ గాయానికి కట్టు కడతాడు. కొట్టినదీ కట్టు కట్టినదీ అదే చెయ్యి, నిమిషం తేడాలో. దేవదాసు స్వభావమంతా ఆ నిమిషంలో ఉంది. చేయవలసినప్పుడు చేయడు, చేయకూడనిది చేస్తాడు, చేశాక గుండె పగిలేలా ఏడుస్తాడు.

తాగుడు ఈ మూడింటి తరువాత వచ్చినది. అంటే దేవదాసు తాగుడు వల్ల చెడలేదు. చెడిన తరువాత దాన్ని ఆశ్రయించాడు. శరత్‌బాబు చాలా చిన్న వయసులో ఈ నవల రాశారు, అచ్చుకు ఇవ్వడానికి ఏళ్ల తరబడి ఇష్టపడలేదు. చివరికి 1917లో పుస్తకంగా వచ్చింది. నవల ఆఖరి పేరాలో రచయిత తానే ముందుకు వచ్చి, ఇలాంటి అభాగ్యుడు మీకు ఎప్పుడైనా తారసపడితే అతని కోసం ప్రార్థించండి, చనిపోయే సమయంలో నుదుటి మీద ఒక్క ప్రేమగల చేతి స్పర్శ అయినా అందకుండా ఎవరూ పోకూడదని కోరుకోండి అన్న భావంతో ముగిస్తారు. ఆయన మన నుంచి అడిగింది జాలి మాత్రమే. మెచ్చుకోమనలేదు.

మరి సినిమాలో ఏం జరిగిందంటే, ఉత్తరం రాసిన దేవదాసు తెర మీద కొద్దిసేపే ఉంటాడు. బాధపడే దేవదాసు పాట తరువాత పాటగా మన ముందు నిలుస్తాడు. అక్కినేని నాగేశ్వరరావు గారి సగం మూసుకున్న కళ్లు, వణికే పెదవులు, ఘంటసాల గారి గొంతు కలిసినప్పుడు ఎంతటివాడైనా తప్పు సంగతి మరిచిపోతాడు. ఆ కళ్ల మత్తు కోసం రాత్రిపూట కడుపునిండా పెరుగన్నం తిని, నిద్ర ఆపుకుంటూ ఆ సన్నివేశాల్లో నటించానని అక్కినేని గారే చెప్పుకున్నారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏళ్ల లోపే. మీ అమ్మమ్మగారు ఏడ్చేది ఆ నటనకూ ఆ గొంతుకూ. మీకు కోపం వచ్చేది కథలో ఆ మనిషి చేసిన పనికి. ఈ రెంటినీ విడదీసి చూడగలిగితే మీ ఇద్దరి మధ్య గొడవ ఉండదు. మీరు ఈసారి సినిమా చూసేటప్పుడు దేవదాసును వదిలి, సావిత్రి మీదే దృష్టి పెట్టి చూడండి. ఇరవై ఏళ్లు నిండని వయసులో, జమీందారు ఇంట్లో ఎదిగిన పిల్లలకు తల్లిగా మెలగవలసిన ఆ పాత్రలో, ఆమె మాట్లాడకుండా ఎంత చెప్పిందో గమనించండి. నవలలోని పార్వతి అభిమానం సినిమాలో మాటల రూపంలో తగ్గింది కాని, సావిత్రి మెడ నిలబెట్టే తీరులో మిగిలే ఉంది.

ప్రశ్న: ఈ కథ ఎన్నిసార్లు సినిమాగా వచ్చింది? వాటిలో ఏది గొప్పది?
– సినిమా అభిమాని, పాలకొండ

సమాధానం: చాలాసార్లు వచ్చింది. 1928లో మూకీగా, 1935లో పి.సి. బారువా బెంగాలీలో, మరుసటి ఏడాది సైగల్‌తో హిందీలో, 1955లో బిమల్ రాయ్ దర్శకత్వంలో దిలీప్ కుమార్‌తో మళ్లీ హిందీలో తీశారు. మన 1953 చిత్రం వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వంలో తెలుగు, తమిళ భాషలు రెండింటిలోనూ తయారైంది. తెలుగులోనే 1974లో విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణ గారు నటించిన మరో ‘దేవదాసు’ వచ్చింది. బిమల్ రాయ్ చిత్రంలో ఉన్న నిగ్రహం నాకు చాలా ఇష్టం. కాని పాట, మాట, ముఖం మూడూ ఒక్కటై మన గుండెకు తగిలినది వేదాంతం రాఘవయ్య గారి చిత్రమే. ఇంతకన్నా పోటీ పెట్టడం నాకు నచ్చదు.

ప్రశ్న: ‘జగమే మాయ’ పాట విన్నప్పుడల్లా మా నాన్నగారు, ‘ఇది మన విజయనగరం గొంతు’ అంటుంటారు. ఘంటసాల గారిది కృష్ణా జిల్లా కదా? ఈ చిత్రం సంగీతం గురించి కాస్త వివరంగా రాయగలరా?
– గృహిణి, సాలూరు

సమాధానం: అమ్మా, మీ నాన్నగారి మాటలో న్యాయం ఉంది. పైగా సాలూరు నుంచి అడిగారు కాబట్టి మీకు మరింత దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు కృష్ణా జిల్లాలో పుట్టినా, సంగీతం నేర్చుకున్నది విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాలలో. 1919లో మొదలైన ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు, ఆ తరువాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల గారిని చేరదీసి, డబ్బు ఆశించకుండా విద్య చెప్పిన గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారు. ఆయనను అందరూ పిలిచే పేరు సాలూరు చిన్న గురువుగారు. మీ ఊరి పేరే ఆయన పేరులో ఉంది. ఆ రోజుల్లో ఘంటసాల గారు విజయనగరం వీధుల్లో మధుకరం ఎత్తుకుని పొట్ట పోసుకున్నారన్నది అందరికీ తెలిసిన చరిత్ర. జోలె పట్టుకుని ఇంటింటి ముందూ నిలబడిన కుర్రవాడు, పదిహేనేళ్లు తిరిగేసరికి, సర్వం పోగొట్టుకున్న ఒక జమీందారు బిడ్డకు గొంతు ఇచ్చాడు. ఆ పాటలో ఉన్న నిర్వేదం నటన కాదని అనిపించడానికి ఈ జీవితం కూడా ఒక కారణమేమోనని నా నమ్మకం.

సంగీత దర్శకులు సి.ఆర్. సుబ్బురామన్ గారు. ఆ చిత్రం పూర్తికాకముందే, 1952లో, ముప్పై ఏళ్లైనా నిండకుండా ఆయన కన్నుమూశారు. మిగిలిన పనిని ఆయన దగ్గర సహాయకులుగా ఉన్న విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. ఆ ఇద్దరే తరువాత తమిళ సినిమా సంగీతాన్ని ఏలారు. పాటలు రాసినవారు సముద్రాల రాఘవాచార్యులు గారు.

ఈ పాటలను విడివిడిగా రేడియోలో వినడం ఒక ఎత్తు, కథ వరుసలో వినడం మరో ఎత్తు. ‘పల్లెకు పోదాం పారును చూద్దాం’ అన్నప్పుడు పట్నం నుంచి ఊరికి బయలుదేరిన కుర్రవాడి తొందర ఆ నడకలో ఉంటుంది. ‘కుడిఎడమైతే పొరపాటు లేదోయ్’ దగ్గరకు వచ్చేసరికి అదే గొంతు ఓటమిని సమర్థించుకోవడం మొదలుపెడుతుంది. పాట పల్లవిలోనే తప్పూ ఒప్పూ తారుమారైతే ఏమిటన్న మొండితనం ఉంది. ‘జగమే మాయ’కు వచ్చేసరికి సమర్థన కూడా అయిపోయింది. అక్కడ మాట్లాడేది వేదాంతం. ఆ వేదాంతం ఒక తాగుబోతు నోట రావడం మీద కొందరు పెద్దలకు అభ్యంతరం ఉంది. నాకు మాత్రం, చదువుకున్నవాడు చేతకానితనాన్ని కప్పుకోవడానికి వేదాంతాన్ని ఎలా వాడుకుంటాడో సముద్రాల వారు ఎంతో నిజాయితీగా పట్టుకున్నారనిపిస్తుంది. శరత్‌బాబు నవలలో లేని సంగతి ఇది. అయినా నవల ఆత్మకు విరుద్ధం కాదు. సినిమా నవలకు చేర్చిన విలువ ఏదైనా ఉందంటే, అది ఈ పాటల వరుసే.

దేవదాసును ప్రేమించిన కలకత్తా వేశ్య చంద్రముఖి పాత్ర విషయంలోనూ సంగీతం మేలు చేసింది. ఆ పాత్ర వేసిన లలిత గారి నాట్యానికి ‘ఇంత తెలిసియుండి’ అన్న క్షేత్రయ్య పదాన్ని తీసుకోవడం, కూచిపూడి సంప్రదాయంలో పెరిగిన దర్శకుడికి సహజంగా తట్టే ఆలోచన. దానితో కలకత్తా వేశ్యవాటిక కథ ఒక్కసారిగా మన ఇంటి సంప్రదాయంలోకి వచ్చింది.

ప్రశ్న: ‘దేవదాసు’ తీసిన వినోదా సంస్థే 1955లో ‘కన్యాశుల్కం’ కూడా తీసింది కదా? నవలను సినిమా చేయడం సులువా, నాటకాన్నా?
– గ్రంథాలయ పాఠకుడు, విజయనగరం

సమాధానం: అవును, రెండింటికీ నిర్మాత డి.ఎల్. నారాయణ గారే. రెండో దానికి దర్శకులు పి. పుల్లయ్య గారు. నాటకం సులువని పైకి అనిపిస్తుంది, ఎందుకంటే మాటలు సిద్ధంగా ఉంటాయి. ‘కన్యాశుల్కం’ విషయంలో ఆ సిద్ధంగా ఉన్న మాటలే పెద్ద చిక్కు. ఆ నాటకం ప్రాణమంతా ఎవరెలా మాట్లాడతారన్నదాంట్లో ఉంది. బొంకులదిబ్బ మీద నిలబడి గిరీశం తనలో తాను మాట్లాడుకునే మొదటి రంగం నుంచీ, రామప్పంతులు, మధురవాణి, పూటకూళ్లమ్మ, బైరాగి, ఒక్కొక్కరిది ఒక్కో యాస, ఒక్కో అబద్ధం. 1909 నాటి రెండో ప్రచురణను పూర్తిగా ప్రదర్శించాలంటేనే ఒక రాత్రి చాలదు. అందులోంచి సినిమాకు సరిపడా తీసుకోవడమంటే, ఏ మాట కోసినా ఒక మనిషిలో కొంత భాగాన్ని కోసినట్టే. ‘దేవదాసు’ నవల చిన్నది, అందులో మాటలు తక్కువ. చెప్పకుండా వదిలిన ఖాళీలు ఎక్కువ. ఆ ఖాళీల్లోకి పాట, ముఖం, మౌనం వచ్చి కూర్చోవడానికి చోటు దొరికింది.

అయినా ‘కన్యాశుల్కం’ సినిమాను తక్కువ చేయలేం. గోవిందరాజుల సుబ్బారావు గారి లుబ్ధావధానులు, సి.ఎస్.ఆర్. గారి రామప్పంతులు మళ్లీ పుట్టరు. ఎన్.టి. రామారావు గారి గిరీశం మీద మీ ఊళ్లో భిన్నాభిప్రాయాలున్నాయని నాకు తెలుసు. గురజాడ వారి ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ గేయాన్ని సినిమాలో చేర్చడం గొప్ప ఆలోచన. ముసలి మొగుడికి అమ్ముడుపోయిన ఆ పిల్ల కథను నాటకం నవ్వుల మధ్య చెప్పి తప్పించుకుంటుంది. గేయం తప్పించుకోనివ్వదు. రెండేళ్ల ముందు పార్వతిగా మౌనంగా ఏడిపించిన సావిత్రే ఇందులో మధురవాణిగా మాటలతో అందరినీ ఆడిస్తుంది. రెండు చిత్రాలూ ఒకదాని తరువాత ఒకటి చూడమని మీ గ్రంథాలయ మిత్రులకు నా సలహా. మీ ఊళ్లో పుట్టిన సుశీల గారు మధురవాణికి పాడిన ‘ఆనందం అర్ణవమైతే’ వినడానికైనా చూడాలి.

ప్రశ్న: నవల చదవాలని ఉంది. మంచి తెలుగు అనువాదం ఏది? ముందు సినిమా చూడాలా, పుస్తకం చదవాలా?
– బ్యాంకు ఉద్యోగి, పలాస

సమాధానం: శరత్ సాహిత్యాన్ని తెలుగువారి ఇళ్లలోకి తెచ్చినవారిలో చక్రపాణి గారు, బొందలపాటి శివరామకృష్ణ గారు ముఖ్యులు. ఎవరి అనువాదం దొరికినా నిస్సందేహంగా చదవండి. రెండు సాయంత్రాల్లో పూర్తయ్యే పుస్తకం. మీ జిల్లా కేంద్రంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించిన కథానిలయం ఉంది. అది ప్రధానంగా కథల కోసం ఏర్పడినదైనా, పాత పత్రికలు అక్కడ శ్రద్ధగా భద్రపరిచారు. ఆ తరం పాఠకులు ఏమి చదువుతూ పెరిగారో తెలుసుకోవాలంటే, శ్రీకాకుళం వెళ్లినప్పుడు అక్కడ ఒక పూట గడపండి. ఇక రెండో ప్రశ్నకు: సినిమా చూడనివారు అరుదు కాబట్టి మీరు చూసే ఉంటారు. పుస్తకం చదివేటప్పుడు మాత్రం ఆ పాటలను కాసేపు మరిచిపోవడానికి ప్రయత్నించండి. ముఖ్యంగా చంద్రముఖి భాగాలను తొందరపడి దాటవేయకండి. తన వృత్తిని వదిలి, పల్లెటూళ్లో చిన్న ఇంట్లో ఉంటూ, దేవదాసు ఏమయ్యాడో తెలుసుకోవడానికి అతని ఊరికి స్వయంగా వెళ్లే చంద్రముఖిని సినిమాలు ఎక్కువగా నాట్యంతోనే సరిపెట్టాయి. నవలలో తన జీవితాన్ని తానే మార్చుకున్న ఒకే ఒక్క మనిషి ఆమె.

ప్రశ్న: మా కళాశాల వార్షికోత్సవానికి ‘దేవదాసు’లో ఒక ఘట్టాన్ని ఇరవై నిమిషాల నాటికగా వేయాలనుకుంటున్నాం. అందరూ చివరి ఘట్టమే వేయమంటున్నారు. మీరేమంటారు?
– ఇంటర్ విద్యార్థులు, శ్రీకాకుళం

సమాధానం: చివరి ఘట్టం వద్దు. దేవదాసు చెట్టు కింద పడి ఉండటం, పార్వతి పరుగెత్తుకు రావడం కెమెరాకు, నేపథ్య సంగీతానికి లొంగినంతగా రంగస్థలానికి లొంగవు. కొత్త నటులు వేస్తే ప్రేక్షకులు నవ్వే ప్రమాదం ఉంది. చెరువుగట్టు ఘట్టం తీసుకోండి. ఇద్దరే పాత్రలు, ఒక బిందె, ఒక గాలపు కర్ర చాలు. వాదన ఉంది, తిరస్కారం ఉంది, దెబ్బ ఉంది, కట్టు ఉంది. ఇరవై నిమిషాలకు అది సరిగ్గా సరిపోతుంది.

సంభాషణలు సినిమా నుంచి కాకుండా నవల అనువాదం నుంచి తీసుకుని, మీ నోటికి వచ్చే తీరులో మార్చుకోండి. మన శ్రీకాకుళం మాటతీరులో రాసుకున్నా తప్పు లేదు, కాని మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరు ఉండాలి. అంతకుముందు జరిగిన ఉత్తరం సంగతి ప్రేక్షకులకు తెలియకపోతే పార్వతి కోపం అర్థం కాదు. అందుకని తెర లేవగానే పార్వతి గట్టు మీద కూర్చుని ఆ ఉత్తరాన్ని పైకి చదువుకునేట్టు పెట్టండి. ఆమె వయసును వ్యాఖ్యాత ఒక్క వాక్యంలో చెప్పాలి. దెబ్బ కొట్టే చోట కర్ర నిజంగా తగలకుండా, ఆ అమ్మాయి ప్రేక్షకులకు వీపు చూపేలా నిలబెట్టండి. దానికి ముందుగా చాలాసార్లు సాధన చేయించండి. నేపథ్యంలో ‘జగమే మాయ’ మాత్రం వేయకండి. ఆ పాట మొదలైతే మీ పార్వతి చెప్పే మాటలు ఎవరూ వినరు, ఆ నాటికలో వినవలసినవి ఆమె మాటలే.